వరాలు పెట్టే సౌండు

బహుళ పాడ్యమి. అడుగున నీరు బెత్తెడు.

రెండు పంపులూ తిరుగుతున్నాయి. ఎడమ పంపు బెల్టు జారుతుంటే బిగించాను. ఈ లాగ్‌బుక్‌లో పంపుల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని, మా ఊరంతా కాపురముంటున్న ఈ తెప్ప కమిటీ రూలు. ఆ కమిటీలో ఒక్కరైనా దీన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. కాబట్టి రాస్తాను. ఇవాళ్టి నుంచి ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి లేదు.

పొద్దున్న నా భార్య వరాలును వార్డు పడవకు తీసుకెళ్ళారు.

ఆమెకు వచ్చింది మాటమరుపు జబ్బని మొదట్లో మాకు తెలియలేదు. ఉప్పు డబ్బా అడగబోయి "అదీ, ఆ తెల్లదీ" అంటే నేనే వెక్కిరించాను. కొన్నాళ్ళకు నా పేరు పోయింది. తర్వాత అక్షరాలు, ఆ వెనకే అంకెలు పోయాయి. పాట మాత్రం పోలేదు. నోట్లో ఒక్క మాట లేకపోయినా రాగం తీస్తుంది, ఎక్కడా తప్పు పోదు. ఈ జబ్బు ఊపిరితో అంటుకుంటుంది, అందుకని వచ్చినవాళ్ళను తెప్ప మీద ఉంచరు. వార్డు పడవ మా తెప్పకు అవతల, కేకేస్తే వినపడీ వినపడనంత దూరంలో లంగరేసి ఉంటుంది. కరెంటుకూ నెట్‌వర్కుకూ కలిపి ఒకే ఒక్క కేబుల్ ఇక్కడి నుంచి దానికి పోతుంది.

ఆ కేబులే నా ధైర్యం. బయటి నెట్ అనేది మా తాత చెప్పిన కబుర్లలోనే విన్నాను. గోదారి పాయలన్నీ సముద్రంలో కలిసి ఒకే నీరయ్యాక ఏ తెప్ప నెట్‌వర్కు ఆ తెప్పదే, ఎవరి పాటలు వాళ్ళ ఇంటి పెట్టెలోనే. మా పాటల పెట్టె వరాలుది. అందులో వాళ్ళమ్మ పాడిన నాట్ల పాటలున్నాయి, నేల ఉన్న రోజుల్లోవి. దాని రిమోట్ వరాలు ఫోన్‌లో ఉంది, మోగే పాటా సౌండు గీతా అందులోనూ తెలుస్తాయి. నాకు ఫోన్లతో పొసగదు, పెట్టె మీద తిప్పే మర చాలు.

పంపుల గదిలో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు చెవులు సగమే మిగిలాయి. అందుకని సౌండు పెద్దగా పెడతాను. ఆమె పొయ్యి దగ్గర నుంచో, బట్టలారేసే చోటు నుంచో ఫోన్ మీద వేలు జరిపి తగ్గిస్తుంది. నేను లేచి మర తిప్పుతాను. మళ్ళీ తగ్గుతుంది. మా కాపురంలో సగం కబుర్లు అవే. ఆ ఇంట్లో నా మాట ఏనాడూ చెల్లలేదు.

వార్డు పడవ ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి ఫోన్ ఎత్తి చూపించింది. బొటనవేలు గాల్లో కిందికి జరిపింది. తగ్గిస్తాను చూడు, అని. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కేబుల్ ఉంది, ఫోన్ ఉంది, ఆ వేలు ఉంది. మాట లేకపోతే ఏమైంది అనుకున్నాను.

సాయంత్రం సౌండు బాగా పెంచి కూర్చున్నాను. తగ్గలేదు. మొదటి రోజు కదా, అలిసిపోయి పడుకుని ఉంటుంది.

బహుళ తదియ. నీరు బెత్తెడు.

బెల్టు మళ్ళీ జారింది. కొత్తది కావాలని కమిటీకి కబురు పెట్టాను. వాళ్ళు తెచ్చినప్పుడు చూద్దాం.

నిన్నా ఇవాళా ఒక చికాకు. సాయంత్రం పాట పెట్టి కూర్చోగానే గోడ మీది తెరంతా నిండేలా ఒక రిక్వెస్టు వచ్చింది. పేరు లేని ఫోన్ ఒకటి ఈ ఇంటితో జత కట్టమంటోంది, ఈ అంకెలు అందులో కొట్టండి, అని. కింద నాలుగు అంకెలు, ఆ కింద 'వద్దు' అనే బొత్తం.

తెప్ప మీద ఎవరి ఫోన్ తెరిచినా అందరి ఇళ్ళ బొమ్మలూ వరసగా కనపడతాయి. కనపడ్డాయి కదా అని పక్కింటి బొమ్మ మీద వేలు పెట్టడమంటే వాళ్ళ పొయ్యి మీది గిన్నె మూత తీసి చూడడమే. మా పిల్లలకు నడకతో పాటే ఈ సంగతి నేర్పుతాం. ఎవరో అడిగారని అంకెలిచ్చే ఇంటికి కూడా పరువుండదు. 'వద్దు' కొట్టాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టాను.

వరాలు ఫోనేమో అని ఒక్క క్షణం అనిపించింది. కానీ జత ఉన్న ఫోన్ ఇలా అడగదు. ఇంటి మనిషిలా నేరుగా లోపలికి వచ్చేస్తుంది. పైగా ఆమె ఫోన్‌కు పేరుంది. 'వరాలు' అని నేనే రాయించాను.

సౌండు ఇవాళా తగ్గలేదు.

బహుళ పంచమి. నీరు బెత్తెడు కంటే కాస్త ఎక్కువ.

ఇవాళ బుల్లియ్యతో గొడవపడ్డాను. బుల్లియ్య మా పక్కిల్లు. నీళ్ళలో బోనులు కట్టి చేపలు పెంచుతాడు. వరాలును అక్కా అని, నన్ను బావా అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా.

మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, ఏవనుకోకు. మా మామ్మ కంటిమీద కునుకేసి నాల్రోజులైంది. ఆ పాట కాత్త తగ్గించకూడదా?"

"తగ్గించే మనిషి తగ్గిత్తాది. నువ్వెల్లు."

వెళ్ళాడు. సాయంత్రం పాట పెట్టీ పెట్టగానే తెర మీద ఆ పేరు లేని ఫోన్ ప్రత్యక్షం. నాకు విషయం అర్థమైపోయింది అనుకున్నాను. నన్నడిగి లాభం లేదని తనే నా పెట్టెలోకి దూరి సౌండు తగ్గించాలని చూస్తున్నాడు. వరాలు వేలు కోసం నేను కాచుకుని కూర్చుంటే మధ్యలో వీడి వేలొకటి. ఒళ్ళు మండిపోయి బయటికి వెళ్ళాను.

"ఏరా బుల్లియ్యా, నా ఇంటి మీద నీ ఏలు పడతాందేంటి?"

"ఏంటి బావా నువ్వనేది?"

"పేరు తీసేసిన ఫోన్‌తో జత అడుగుతావా? మొగోడివైతే పేరెట్టుకుని అడుగు."

చుట్టుపక్కల వాళ్ళు బయటికి వచ్చారు. బుల్లియ్య నడుముకున్న ఫోన్ తీసి నా చేతిలో పెట్టబోయాడు.

"ఇదిగో నా ఫోను. సూసుకో. నీ కొంప నేనెందుకు ముడతాను బావా?"

"ఇంకోటి దాచుకుంటే నాకేం తెలుత్తాది?"

అది అనకుండా ఉండాల్సింది. పదిమందిలో అన్నాను. అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నాలో కోపం మాత్రం తగ్గలేదు.

బహుళ షష్ఠి. నీరు అంతే.

తెప్ప నెట్‌వర్కు చూసేది రెహానా. పొద్దున్నే వెళ్ళి ఆమెను లేపాను. సంగతంతా విని అంది:

"ఎవరి ఫోనో కనిపెడతాను పేర్రాజన్నా. రెండ్రోజులాగు."

"ఎవరిదైతే నాకేంటమ్మా. ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకుండా చెయ్యి."

"అట్టా ఒకసారి మూసేస్తే దానికొక్కదానికే మళ్ళీ తియ్యడం ఉండదన్నా. తియ్యాలంటే నీ పెట్టెని మొత్తం కొత్తగా మొదలెట్టాలి. ఆలోచించుకో."

ఆలోచించాను అన్నాను. నిజంగానే ఆలోచించాను. ఆ రిక్వెస్టు తెర మీద అడ్డంగా కూర్చున్నంతసేపూ వరాలు లోపలికి రాలేకపోతోందేమో అని నా భయం. అది పోతే ఆమెకు దారి ఖాళీ అవుతుంది. రెహానా నా ఎదురుగానే మూసేసింది. ఇంటికి వస్తూ చాలా రోజుల తర్వాత ఈల వేశాను.

బహుళ అష్టమి. నీరు అంతే.

పేరు లేని ఫోన్ మళ్ళీ రాలేదు. తెర శుభ్రంగా ఉంది. నిన్న నాట్ల పాట పెట్టాను, వాళ్ళమ్మ గొంతుది. మర చివరిదాకా తిప్పాను. ఆ పాటకు సౌండు ఎక్కువైతే ఆమె అసలు ఊరుకోదు.

తగ్గలేదు.

ఇవాళ కూడా పెట్టాను. తగ్గలేదు. వేళ్ళు కూడా మరిచిపోయాయా అని మొదటిసారి భయం వేసింది. ఈ జబ్బులో చివరికి మింగడం మరిచిపోతారు, ఆ తర్వాత ఊపిరి తీయడం. వేళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. బుల్లియ్య ఎదురుపడితే తల తిప్పుకుని పోయాడు. పోతే పోనీ.

బహుళ దశమి. నీరు జానెడు. పంపుల మీద ధ్యాస లేదు.

దశమికి దశమికి వార్డు పడవ నుంచి సరుకుల కోసం చిన్న పడవ వస్తుంది. అందులో నర్సు సువార్త వచ్చింది. తెప్పకు ఆనుకోకుండా, మాట వినపడేంత ఎడంగా పడవ ఆపింది. మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. నన్ను చూసి తనే అడిగింది.

"బాబాయ్ గారూ, మీరు పిన్నిగారికి అంకెలివ్వరేంటండి?"

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పమన్నాను.

"రోజూ సాయంత్రం ఫోన్ తీసి మీ ఇంటి బొమ్మ నొక్కుద్దండి. అంకెలడుగుద్ది. ఆవిడికి అంకెలు తెలవవు కదండీ. ఏవేవో నొక్కుద్ది. రానివ్వదు. మళ్ళీ బొమ్మ నొక్కుద్ది. ఈ నాల్రోజుల్నుంచి అసలు బొమ్మే కనపడ్డం లేదండి. ఫోన్ తిప్పి తిప్పి చూసి పక్కనెట్టేసింది. అప్పటినుంచి గంజి కూడా తాగట్లేదు."

"ఆ ఫోనుకి జత ఉంది కదమ్మా. పేరుంది."

"వార్డులోకి వచ్చే ఫోను లోపలా బయటా కడిగేత్తామండి. పేర్లూ జతలూ అన్నీ పోతాయి. మాటలున్నయ్యి తీసేసి బొమ్మలే ఉంచుతాం, సదవలేక బెంబేలెత్తిపోతారని. మీకు సెప్పలేదాండి ఎవరూ?"

ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆమె రోజూ వచ్చి నా తలుపు కొట్టింది. నేను రోజూ 'వద్దు' అన్నాను. అది చాలక, మళ్ళీ రాకుండా గడియ వేయించి ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇంకేమీ రాయలేను. ఎడమ పంపు ఆగిపోయి ఎంతసేపైందో కూడా చూడలేదు.

బహుళ ఏకాదశి. నీరు జానెడు దాటింది. పంపులు కాసేపు ఆపాను. రూలు తప్పానని నాకు తెలుసు.

నిన్న అక్కడి నుంచి నేరుగా బుల్లియ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు కాదురా. వరాలు," అన్నాను.

అర్థమయ్యేదాకా నా మొహంలోకి చూశాడు. "అక్క తలుపు కొడతాంటే మనిద్దరం కొట్టుకున్నావా బావా," అని గుమ్మంలోనే కూలబడ్డాడు. నేను క్షమించమని అడగడం కూడా మరిచిపోయాను. అతనూ దాని ఊసెత్తలేదు.

రెహానా వచ్చి పెట్టెను మొత్తం కొత్తగా మొదలుపెట్టింది. పాటలకేమీ కాలేదు, పాత జతలూ నేను వేయించిన గడియా పోయాయి. ఇక ఎవరొచ్చినా అంకెలు కొట్టి రావాల్సిందే. అంకెలు కనపడేది నా ఇంటి తెర మీద. కొట్టాల్సింది నీళ్ళ అవతల ఫోన్‌లో. తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంటే వదిలేలోపు ఆ అంకెలు మారిపోతాయి, రాసి ఎత్తి చూపించే వ్యవధి ఉండదు. పెట్టెను పడవకు తీసుకెళ్దామంటే వార్డులోకి వెళ్ళిన వస్తువు కడగకుండా తిరిగి రాదు, కడిగితే పాటలు పోతాయి. ఫోన్‌ను ఇక్కడికి తెద్దామన్నా అదే తంతు. వార్డు నర్సుల దగ్గర ఫోన్లుండవు, అంకెలు రాసి పంపడానికి.

"అయితే అరుద్దాం," అన్నాడు బుల్లియ్య. చేపల బోనుల మీద ఆ చివరి నుంచి ఈ చివరికి కేకలేసే గొంతు అతనిది.

మధ్యాహ్నం గాలి పడిపోయినప్పుడు పంపులు ఆపేశాను. ఆ చప్పుడు ఆగితే తెప్పంతా ఏదో పోగొట్టుకున్నట్టు అయిపోయింది. నేను తెర ముందు, బుల్లియ్య తెప్ప అంచున, సువార్త వార్డు పడవ కటకటాల దగ్గర. ఆమె పక్కన దుప్పటి కప్పుకుని వరాలు. గుమ్మంలోంచి కనపడింది. అంత చిన్న మనిషని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆమె బొమ్మ నొక్కింది. నా తెర మీద అంకెలు వచ్చాయి. నేను అరిచాను, బుల్లియ్య అరిచాడు. సువార్త చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ అన్నట్టు సైగ చేసింది. ఈలోపు అంకెలు మారాయి. మళ్ళీ అరిచాం. ఈసారి కొట్టింది, తప్పు పోయింది. తప్పు కొట్టిన ఫోన్‌ను పెట్టె కాసేపు దూరం పెడుతుంది, ప్రతి తప్పుకూ ఆ కాసేపు పెరుగుతుంది. తెప్పంతా గుమిగూడి తలా ఒక అంకె అరవడం మొదలుపెట్టారు, సాయం చేద్దామనే. ఆ గోలకు వరాలు రెండు చేతులతో చెవులు మూసుకుంది. మేమంతా తనను తిడుతున్నామనుకుందో ఏమో, భయంభయంగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

పంపులు మళ్ళీ వేశాను. బుల్లియ్యకు గొంతు పోయింది.

బహుళ ద్వాదశి. నీరు జానెడు. కొత్త బెల్టు వచ్చింది.

రెహానా రాత్రంతా ఆలోచించినట్టుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అంకెలే అడక్కుండా చేయొచ్చన్నా. తలుపు బార్లా తీసిపెట్టడం. ఏ ఫోన్ వచ్చి ముట్టుకున్నా పెట్టె పలుకుద్ది."

"తియ్యి మరి."

"వదినొక్కతే కాదు, తెప్పలో ఎవరు ముట్టుకున్నా పలుకుద్ది. సౌండు తగ్గితే తగ్గించింది ఎవరో నీకు తెలవదు. ఇట్టాంటి తలుపు తియ్యాలంటే ఇంటింటికీ చెప్పి సరే అనిపించుకోవాలి. రూలు."

ఇంటింటికీ బుల్లియ్య తిరిగాడు. గొంతు లేదు కదా, చేతులతో చెప్పాడట. ఎవరూ కాదనలేదు. కమిటీ కూడా కాదనలేదు, ఈ పుస్తకంలో వాళ్ళ గురించి రాసే మొదటి మంచి మాట ఇదే. చీకటి పడకముందే రెహానా తలుపు తీసింది.

బహుళ త్రయోదశి. నీరు జానెడు.

సాయంత్రం పాట పెడదామని పంపుల గది నుంచి ఇంటికి వస్తుంటే నడవలో ఒక విషయం చూశాను. బుల్లియ్య గుమ్మం ముందు అతని ఫోన్ బోర్లా పెట్టి ఉంది, చెప్పులు విడిచినట్టు. దాని పక్కన వాళ్ళావిడది, మామ్మది. తర్వాతి ఇంటి ముందు కూడా అంతే. నడవ పొడుగునా ప్రతి గుమ్మం ముందూ ఫోన్లు బోర్లించి ఉన్నాయి. మనుషులు లోపల కూర్చుని ఉన్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఎవరు చెప్పారో తెలియదు. సౌండు తగ్గితే అది వరాలే అని నాకు అనుమానం లేకుండా ఉండాలని అలా చేశారు. ఆ ఫోన్లు తొక్కకుండా చూసుకుంటూ ఇంటిదాకా వచ్చాను.

నాట్ల పాట పెట్టి, మర చివరిదాకా తిప్పాను.

ఎంతసేపు కూర్చున్నా తగ్గలేదు. మొన్నటి అరుపులకు భయపడి ఫోన్ ముట్టుకోవడం లేదేమో. ఆమెను భయపెట్టింది కూడా నేనే కదా.

బహుళ చతుర్దశి. నీరు జానెడు.

తగ్గింది.

పాట సగంలో ఉంది. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. మొదట నా చెవులే ఇంకాస్త పోయాయనుకున్నాను. తెర వైపు చూస్తే సౌండు గీత కిందికి జరుగుతోంది. మెల్లగా, ఆగి ఆగి, చివరికి ఆమెకు నచ్చే చోటికి వచ్చి నిలిచింది. ఆ చోటు నాకు తెలుసు. అక్కడ నాకు పాట ఒక్క ముక్క వినపడదు.

లేచి మర తిప్పాను. పెరిగింది. గీత మళ్ళీ కిందికి జరిగింది.

"ఏవే," అన్నాను ఖాళీ ఇంట్లో, "చెవిటోణ్ణి చేసుకున్నాక అరిచి పెట్టాలని తెలవదా నీకు?" మళ్ళీ తిప్పాను. మళ్ళీ తగ్గించింది, ఈసారి గబుక్కున, ఒక్క లాగుతో. కోపం వచ్చినట్టుంది. ఆమె కోపం చూసి ఎన్నాళ్ళైందో. బయట నడవలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. బుల్లియ్య మామ్మ "తగ్గించిందర్రా, తగ్గించింది" అని ఇంటింటికీ చెబుతోంది, అందరూ వింటూనే ఉన్నా.

అలా చాలాసేపు పోట్లాడుకున్నాం. నేను పెంచడం, ఆమె తగ్గించడం. నాకు క్షమించమని చెప్పడానికి అంతకంటే వేరే దారి లేదు. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు, కానీ ఒక్కసారి కూడా విసుక్కుని వదిలేయలేదు. చివరికి నీళ్ళు పెరుగుతున్నాయని పంపుల గది నుంచి గంట మోగింది. "సరే, ఇవాళ్టికి నువ్వే గెలిచావు" అని తగ్గించిన చోటే వదిలేసి వచ్చాను.

ఇది రాస్తూ కూడా నవ్వుతున్నాను. పంపులు రెండూ చక్కగా తిరుగుతున్నాయి.

అమావాస్య. నీరు మూరెడు. పెద్ద పోటు.

పగలంతా అడుగున పంపుల గదిలోనే ఉన్నాను. కాలు తీసి కాలు పెట్టడానికి లేకపోయింది. సాయంత్రం బుల్లియ్య వచ్చి, "నువ్వెల్లు బావా, అక్క ఎదురుసూత్తాది, పంపులు నేను సూత్తాను," అన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

ఒళ్ళంతా నీళ్ళతోనే వెళ్ళి పాట పెట్టాను. మర తిప్పాను. ఆమెకు కోపం తెప్పిద్దామని నిన్నటికంటే ముందే తిప్పాను.

తగ్గలేదు. ఆ పాట అయిపోయి ఇంకోటి వచ్చింది. తగ్గలేదు. నడవలో ఫోన్లన్నీ బోర్లానే ఉన్నాయి. మర ఇంకా తిరగడానికి లేదు. "వరాలూ, వింటన్నావా" అని అడిగాను. పాట అలా మోగుతూనే ఉంది. తెప్పంతా అదిరిపోయే సౌండు. బుల్లియ్య మామ్మ కూడా తగ్గించమని అనలేదు.

శుద్ధ పాడ్యమి. నీరు జానెడు.

వార్డు పడవ మీద తెల్ల గుడ్డ కట్టారు.

సువార్త చిన్న పడవలో వచ్చింది. దశమి కాకపోయినా వచ్చింది. ఇవాళ ఇంకా ఎడంగా ఆపింది.

"నిన్న మధ్యాన్నం నుంచే ఊపిరి అందలేదండి. సాయంత్రం ఫోను చేతిలో ఎట్టాను. మీ ఇంటి బొమ్మ తీసి ఏలు దాని మీద ఎట్టుకుంది. ఆ ఏలు మరి కదల్లేదండి." మూతి గుడ్డ సర్దుకుని మళ్ళీ అంది. "మొన్న మాత్రం ఎంత నవ్విందో బాబాయ్ గారూ. మీరు పెంచినప్పుడల్లా నవ్వింది. నా వైపు సూసి తల అడ్డంగా ఊపింది, సూశావా ఈ మనిషిని, అన్నట్టు."

వార్డులో పోయినవాళ్ళను తెప్పకు తీసుకురారు. నీళ్ళకే ఇస్తారు. ఇక్కడి నుంచే దండం పెట్టాను. బుల్లియ్య నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఆమె కొట్టిన తలుపును నేను మూసుకుని కూర్చున్న రోజులు. అన్ని సాయంత్రాలుంటే మాకు చివరికి ఒక్కటి మిగిలింది.

శుద్ధ తదియ. నీరు బెత్తెడు.

పాట ఇంకా మోగుతోంది, అమావాస్య నాడు నేను పెట్టిన సౌండుతోనే. ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు. బుల్లియ్య మామ్మ చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతోంది. నడవలో ఫోన్లు ఎక్కడివక్కడే బోర్లా ఉన్నాయి. వాటిని తీసుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. నేను చెప్పేదాకా తీసుకోరని ఇవాళ పొద్దున్న అర్థమైంది.

రెహానా వచ్చి గుమ్మం బయటే నిలబడింది. తలుపు మూసేయనా అని అడగడానికి వచ్చింది, అడగలేకపోయింది. సాయంత్రందాకా ఆగమన్నాను.

సాయంత్రం పెట్టె ముందు కూర్చున్నాను. మర మీద చెయ్యి పెట్టాను. ఇన్నేళ్ళలో దాన్ని కుడివైపు తప్ప ఎడమవైపు తిప్పినట్టు గుర్తు లేదు. ఎడమవైపు తిప్పాను. తెర మీద గీత మెల్లగా కిందికి జరిగి ఆమె చోటికి వచ్చింది. అక్కడ ఆపాను. నాకు పాట వినపడడం మానేసింది. పంపుల హోరు ఒక్కటే మిగిలింది.

బయటికి వచ్చి, "మీ ఫోన్లు తీసుకోండర్రా," అన్నాను.

ఒక్కొక్కరే వచ్చి వంగి తీసుకున్నారు. అందరికంటే చివర బుల్లియ్య వచ్చాడు. ఫోన్ తీసి నడుముకు పెట్టుకుని నా గుమ్మం వైపు చెవి పెట్టాడు.

"పాట ఆపలేదా బావా?"

"లేదు. మోగుతాందా?"

"మోగుతాంది. సన్నగా."

"ఏ పాట?"

అతను కాసేపు విన్నాడు. "మీ అత్తగారి నాట్ల పాట," అన్నాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను. అతను పక్కన కూర్చుని, పాట మారినప్పుడల్లా ఇప్పుడు ఏది వస్తోందో నాకు చెబుతున్నాడు.